అత్తా అని మొదలయ్యే లేబుల్

సక్సెస్ అన్న మాట కనిపిస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది. ఎవరైనా పరీక్ష పాసై సంతోషంగా ఆ మాట అన్నా సరే, నా మొహం మాడిపోతుంది. ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనని తల తిప్పుకుంటాను. ఆ మాట నా ల్యాప్‌టాప్‌లో పచ్చరంగులో, సంత రేవు హెచ్చరిక పక్కన ఉంది. గెడ్డ, అంటే మా కొండవాగు, పొంగి వచ్చిన రోజు హెచ్చరిక ఫోను వెళ్లింది, అవతలివాళ్లు ఎత్తారు, పని అయిపోయింది, సక్సెస్. ఆ సక్సెస్ అయిన ఇరవై నిమిషాలకి మా వదిన గెడ్డలో కొట్టుకుపోయింది. ఫోను ఎత్తింది మా మేనత్త. తప్పంతా ఆవిడదేనని, పైగా అబద్ధాలాడుతోందని ఊరు ఊరంతా అంది. కాదని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఆ నేను పదకొండు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను.

మా ఊరికి డుంబ్రిగుడలో జీపు దిగాక ఇంకా గంటన్నర నడక. ఆ నడకలో ఒకే గెడ్డ మూడుసార్లు అడ్డొస్తుంది. మూడు చోట్లా రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటాలి. దాటే చోటుని మేం రేవు అంటాం. పై రేవు, నడిమి రేవు, సంత రేవు. వంతెన కడతామని టేపులు పట్టుకుని కొలిచి వెళ్లినవాళ్లు బోలెడుమంది. వాళ్లు గుర్తుకోసం పాతిన కర్రలు మేం చలికాలంలో నెగళ్లలో వేసుకున్నాం. ఈ గెడ్డతో చిక్కేమిటంటే, మా ఊళ్లో చినుకు పడకపోయినా అది నిండుతుంది. పైన ఒడిశా కొండల్లో వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు ఒక్కసారిగా దిగిపోతాయి. చీలమండ లోతే కదా అని దిగిన మనిషికి రేవు మధ్యకి వచ్చేసరికి నడుం దాకా ఉంటాయి.

అందుకని పైన కొండ మలుపులో గెడ్డ లోతు కొలిచే యంత్రం ఒకటి పెట్టారు. అక్కడికి ఒడిశా వైపు టవరు అందుతుంది. ఆ యంత్రాన్ని చూసుకునే కాంట్రాక్టు ఒక చిన్న కంపెనీది. అందులో నేను ఉద్యోగిని. పాడేరులో ఒక బియ్యం కొట్టు మీద గది, ఒక ల్యాప్‌టాప్, ఒక ఇన్వర్టర్, నేను. అదే మా కంపెనీ ఏజెన్సీ బ్రాంచి. మా సారు విశాఖలో ఏసీ గదిలో కూర్చుంటారు. కొండెక్కి యంత్రం మొహం ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు.

నా పనేం బ్రహ్మవిద్య కాదు. యంత్రం ఐదు నిమిషాలకోసారి నీటి లోతుని ఒక లైనుగా రాసి పంపిస్తుంది. అలా వచ్చిపడే లైన్ల చిట్టాని లాగ్ అంటారు. ఆ లాగ్‌ని ఒక సాఫ్ట్‌వేర్ రోజంతా చదువుతూ ఉంటుంది. లోతు మేం పెట్టిన గీత దాటిందా, మనుషులెవరూ చెప్పకుండానే తనే ఒక పని చేస్తుంది, ఒక నంబరుకి ఫోన్ చేస్తుంది. ఆ పనిని యాక్షన్ అంటారు. మూడు రేవులకి మూడు గీతలు, మూడు యాక్షన్లు; నీళ్లు ఒక్కసారే అన్ని గీతలూ దాటేస్తే, అన్నిటికన్నా పైదైన సంత రేవు ఫోను ఒక్కటే వెళ్తుంది. ఒక్కోదానికీ ఒక పేరు పెట్టాలి, అదే లేబుల్. ఆ పేరు పెట్టాలన్నా మార్చాలన్నా తెర మీద బొత్తాం నొక్కితే కుదరదు, ఏపీఐ అనే దారిగుండా నాలుగు లైన్ల ఆజ్ఞ రాసి పంపాలి. అయితే పచ్చగా జవాబొస్తుంది, కాకపోతే ఎర్రగా వస్తుంది. అంతే సంగతి.

అసలు చిక్కంతా ఫోన్ ఎవరికి చేయాలన్నది. మా ఇళ్ల దగ్గర సిగ్నల్ రాదు. ఊరి పైన ఒక బండ ఉంది, దాని మీద కూర్చుంటేనే ఫోన్ పలుకుతుంది. అందుకని ఊరందరికీ కలిపి ఒక ఫోనుని గుడ్డసంచిలో పెట్టి, బండ పక్కనున్న పనసకొమ్మకి తగిలిస్తారు. దానికి కాపలా ఉండేది వంతుల ప్రకారం. వానలు మొదలైన దగ్గర్నుంచి ఇంటికొకరు చొప్పున, రోజుకొకరు బండ మీద కూర్చోవాలి, మేకల్ని అక్కడే మేపుకుంటూ, డప్పు పక్కన పెట్టుకుని. ఫోను మోగి గెడ్డ వస్తోందంటే డప్పు కొట్టాలి. పై రేవుకైతే ఆగి ఆగి ఒక్కో దెబ్బ, నడిమి రేవుకి రెండేసి దెబ్బలు, సంత రేవుకైతే చేతులు పడిపోయేదాకా ఆపకుండా. ఆ బండ మీద కొడితే మూడు రేవులకీ వినిపిస్తుంది. విన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు.

సంత రోజు వంతు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఆ రోజు కోసమే కదా వారమంతా ఎదురుచూసేది! ఆ వంతు మీద ప్రతివారం తగాదాలే. చివరికి మా మేనత్త, "నాకేటి పని సంతలో, నేను కూకుంటాను, మీరు ఎల్లండి" అని ఆ వంతు ఎప్పటికీ తనే తీసేసుకుంది. మా నాన్నకి చెల్లెలు. భర్త పోయాడు, పిల్లల్లేరు, మా ఇంటి వెనక వసారాలో ఉంటుంది. మామూలు రోజుల్లో ఆవిణ్ణి ఎవరూ పట్టించుకోరు. సంత రోజు మాత్రం ఆవిడ రాణీగారే. సంత నుంచి తిరిగొచ్చే ప్రతి ఇంటివాళ్లూ బండ దగ్గర ఆగి, ఆవిడ చేతిలో ఒక చుట్టో, పకోడీల పొట్లమో, ఎండుచేప ముక్కో పెట్టి గానీ ఊళ్లోకి దిగరు. ఎవరూ పెట్టిన నియమం కాదది, అలా అలవాటైపోయింది. ఆవిడ ఆ పొట్లాలన్నీ ఒళ్లో వేసుకుని, ఎవరేం తెచ్చారో మర్నాడంతా మాకు కథలుగా చెప్పేది.

ఫోను ఎత్తగానే ఏం వినిపించాలన్నది నేనే తేల్చాను. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక గొంతు ఉంది. లేబుల్‌లో ఏం రాసుంటే అది చదువుతుంది. తెలుగులో రాస్తే తెలుగు గొంతు, ఇంగ్లీషులో రాస్తే ఇంగ్లీషు గొంతు. నేను మా ఊరి మాటలోనే రాశాను: "అత్తా, గెడ్డ వత్తంది, సంత రేవు, డప్పు ఆపకుండా కొట్టు." ముందు అత్తా అని ఎందుకు పెట్టానంటే, మొదటిసారి పరీక్ష కోసం ఫోన్ చేయించినప్పుడు ఆవిడ ఎత్తి ఊరుకుంది. అడిగితే, "ఎవులో ఆడమనిసి గెడ్డ గురించి ఎవులికో సెప్తంది. నాకేటి తెల్సు నన్నే అని?" అంది. నిజమే మరి, పిలిస్తే కదా పలికేది. అలా అత్తా అన్న మాట చేరింది. మిగతా రోజుల్లో వంతుకి కూర్చునే మగాళ్లని కూడా ఫోను అత్తా అనే పిలిచేది. మా అన్నయ్యని నెల్లాళ్లపాటు "ఏటత్తా, డప్పు కొట్టీసినావా?" అని ఊళ్లో ఏడిపించుకు తిన్నారు.

లేబుల్ మీద చెయ్యి పడ్డ ప్రతిసారీ, చిన్న మార్పయినా సరే, బండకి ఒక ఫోన్ చేయించి "ఏం వినిపించింది అత్తా?" అని అడిగేదాన్ని. ఆవిడ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. అది విన్నాకే ఆ పని అయినట్టు నాకు లెక్క.

ఆవిడకి ఇంకొకటి కూడా నేర్పాను. కొండ దిగువ ఊళ్లో ఒకాయన్ని ఎవరో ఇంగ్లీషులో ఫోన్ చేసి మోసం చేశారని తెలిసి, "చూడత్తా, ఫోన్లో ఇంగ్లీషు వినబడిందంటే మారు మాట్లాడకుండా కట్ చేసెయ్. అవన్నీ దొంగఫోన్లు" అని నేనే, ఈ నోటితోనే చెప్పాను. ఆవిడ బుద్ధిగా తలూపింది.

ఇక సారుగారి సంగతి. కొండవాలు నిండా వలిసె చేలు పసుపుగా పూతకొచ్చిన రోజులు. ఒక ఉదయం ఆయన వీడియోలోకి వచ్చారు. ఎవరో పెద్దమనుషులకి మా పని చూపించడానికి యాక్షన్ల జాబితా తెర మీద వేశారట, వాళ్లు నవ్వారట.

"ఏంటమ్మా ఇది? అత్తా ఏంటి? ఎవరి అత్త? నా పరువు తీసేశావు."

"ఊళ్లోవాళ్లకి అర్థమవ్వాలి కద సార్."

"ఊళ్లోవాళ్లు మన డాష్‌బోర్డ్ చూస్తారా? మనకో నేమింగ్ పాలసీ ఉంది. ఏసీటీ, డాష్, జీరో వన్, జీరో టూ, జీరో త్రీ. మధ్యాహ్నం లోపు మార్చేసెయ్."

"సార్, ఫోన్లో చదివేది ఆ లేబులే సార్. అది మారిస్తే..."

"చదివేదేదో మెసేజ్ గడిలో పెట్టుకో. అది కూడా నేనే చెప్పాలా? మీ ఏజెన్సీవాళ్లతో ఇదే ప్రాబ్లమ్. ప్రతిదీ ఇంటి వ్యవహారం చేసేస్తారు."

మీ ఏజెన్సీవాళ్లతో! అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నాకు రాని ఇంగ్లీషు లేదు, నాకు తెలియని పాలసీ లేదు. ఆయన బిల్లులన్నీ పాసయ్యేది నేను మోకాళ్లు కొట్టుకుపోయేలా కొండలెక్కి ఆ యంత్రం బ్యాటరీ మార్చబట్టి. గెడ్డ పేరు చెబితే అది ఏ దిక్కున ఉందో తెలియని మనిషి నాకు పేర్లు పెట్టడం నేర్పుతాడా? ఇవన్నీ మనసులో అనుకున్నాను. పైకి మాత్రం "సరే సార్" అన్నాను.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆయన చెప్పింది చేయలేని పనేం కాదు. మూడు యాక్షన్లకీ రెండేసి ఆజ్ఞలు పంపితే చాలు. మొదటిది లేబుల్ మార్చడానికి. రెండోది నా వాక్యాన్ని మెసేజ్ గడిలో పెట్టి, ఇకనుంచి ఫోన్లో దాన్నే చదవమని చెప్పడానికి. మొత్తం ఆరు. ఆరూ రాసి ఒక్కసారే వదిలాను, కీబోర్డుని బాదుతూ, ఆయన్ని నాకొచ్చిన తిట్లన్నీ తిడుతూ. జవాబులు ఒక్కొక్కటే పచ్చగా వస్తున్నాయి. ఐదు వచ్చాయి. ఆరోది రాకముందే "నీ పాలసీ తగలెయ్య" అని ల్యాప్‌టాప్ దబ్బున మూసేశాను. కింద నుంచి బియ్యం కొట్టాయన "ఏటమ్మా, పైన ఏటి పడిపోనాది?" అని అరిచాడు. ఏం పడిపోలేదని కేకేసి, టీ తాగడానికి వెళ్లిపోయాను. ఆ పూట బండకి ఫోన్ చేయించలేదు. మా అత్తని ఏం వినిపించిందని అడగలేదు. కోపమొస్తే నేనింతే, చేతిలో పని చేతిలోనే వదిలేస్తాను.

నాలుగో రోజు సంత.

అప్పుడు నేను పాడేరులోనే ఉన్నాను. ఏం జరిగిందో తర్వాత అందరి నోటా విన్నాను. ఎండ చిటపటలాడిపోతోందట. మా వదిన కొండచీపుర్లు, పసుపు అమ్ముకుని, ఉప్పు, నూనె, ఒక కొత్త సిల్వరు గిన్నె తట్టలో పెట్టుకుని మధ్యాహ్నానికే తిరుగుముఖం పట్టింది. మా అన్నయ్య, ఇంకో ఇద్దరూ కావిళ్లతో వెనకాల వస్తున్నారు. రేవు దగ్గర ఒక్క క్షణం ఆగి చెవి ఒగ్గడం మా వాళ్లందరికీ అలవాటు. వదిన ఆగింది, విన్నది. డప్పు లేదు. దిగింది. సగం దాటేసరికి నీళ్లు ఎర్రబారాయి. పరిగెత్తు అని అన్నయ్య అరుస్తూనే ఉన్నాడు. నెత్తిమీద తట్ట, కాళ్లకింద జారే రాళ్లు, ఎక్కడ పరిగెడుతుంది? కొట్టుకుపోయి రెండు బండల మధ్య ఇరుక్కుంది. కావిడి తాళ్లు ముడేసి విసిరి, ముగ్గురూ లాగారు. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. డోలీ కట్టి జీపుదాకా మోసుకొచ్చారు.

నేను ఆసుపత్రికి పరిగెత్తాను. వరండాలో మా అన్నయ్య తడిబట్టలతోనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"డప్పు కొట్టనేదే అత్త! నిద్దరోయిందేమో అనుకున్నాను. ఊరోళ్లు అడిగితే, గెడ్డ ఫోను రానేదు, ఇంగ్లీసు ఫోనొచ్చింది, కట్ సేసీసినాను అంతంది. నిజమేనేటి? నీ మిసన్లో సూడు."

చూశాను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. నాలుగు రోజుల కిందటి ఆరో జవాబు ఎర్రగా ఉంది. సంత రేవు మెసేజ్ గడిలో నా వాక్యం పడలేదు. లేబుల్ మాత్రం మారిపోయింది. అంటే గెడ్డ గీత దాటినప్పుడు సాఫ్ట్‌వేర్ బండకి ఫోన్ చేసింది, మా అత్త ఎత్తింది, ఇంగ్లీషు గొంతు ఆవిడ చెవిలో "ఏ సీ టీ డాష్ జీరో త్రీ" అని చెప్పింది. ఆవిడ నేను నేర్పినట్టే, మారు మాట్లాడకుండా కట్ చేసింది. ఫోను ఎత్తారు కాబట్టి సాఫ్ట్‌వేర్ లెక్కలో పని పూర్తయింది. పక్కన పచ్చగా సక్సెస్ అని రాసుకుంది. మళ్లీ ఫోన్ చేయలేదు. ఆ ఆరో ఆజ్ఞని అక్కడే, ఆ మెట్ల మీదే మళ్లీ పంపి, పచ్చగా వచ్చాక మూశాను.

అన్నయ్య నా మొహంలోకి చూస్తున్నాడు. "ఇంకా చూడాలన్నయ్యా, సరిగ్గా తెలియడం లేదు" అన్నాను. మొదటి అబద్ధం అది.

రెండు రోజులకి సారు పై ఆఫీసుకి ఉత్తరం పంపారు. నకలు మా ఊరి సచివాలయానికీ వచ్చింది. హెచ్చరిక సకాలంలో అందించబడినది, స్థానిక వ్యక్తి ఫోను ఎత్తి ఏడు సెకన్లలో నిలిపివేసినారు, వ్యవస్థలో లోపము లేదు. అందులో సిమ్ కంపెనీదే కాబట్టి, ఆ రోజు ఆ ఫోనుకి వచ్చింది ఒకే ఒక్క ఫోన్ అని కూడా లెక్క తీసి రాశారు. ఇంకేముంది! ఇంగ్లీషు ఫోను వచ్చిందన్న అత్త మాట పచ్చి అబద్ధమని తేలిపోయింది. కంపెనీ కాగితం అబద్ధం చెబుతుందా? ముసల్ది చెబుతుంది గానీ!

నేను సారుకి ఫోన్ చేశాను.

"సార్, ఆ ఉత్తరం తప్పు. ఫోను వెళ్లింది గానీ మన కోడ్ పేరు చదివింది. ఆవిడకేం అర్థమవుతుంది?"

"యాక్షన్ పనిచేసిందా లేదా?"

"చేసింది సార్, కానీ..."

"సక్సెస్ అని ఉందా లేదా? మరింకేంటి? ఇంకో మాట. ఆ మార్పు ఎవరి లాగిన్‌తో జరిగిందో కూడా లాగ్‌లో ఉందమ్మా. నీ పేరే ఉంది. తవ్వుకుంటూ పోతే పోయేది నువ్వే. నీ మంచికే చెబుతున్నా, వదిలెయ్."

నా మంచికేనట. సిగ్గూ శరం లేని మనిషి. మార్చమన్న నోరు ఆయనది, పేరు నాది. ఆ ఫోను గోడకేసి కొడదామనిపించింది. కొట్టలేదు. వదిలేశాను. అవును, వదిలేశాను. మా ఊరి నుంచి కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషిని నేను. ఊళ్లో ఆడపిల్లల్ని బడికి పంపేటప్పుడు నన్ను చూపించి చెబుతారు. అది పోతుందంటే భయమేసింది. భయానికి కోపమని పేరు పెట్టుకుని, రోజూ సారుని తిట్టుకుంటూ, నోరు మాత్రం కుట్టేసుకున్నాను.

ఊరి పెద్దలు అత్త వంతు తీసేశారు. సంత రోజుకి ఇంకో ఇంటివాళ్లని పెట్టారు. తర్వాతి సంత నాడు అందరూ బండ దగ్గర ఆగకుండా నేరుగా ఇళ్లకి పోయారట. ఇదంతా మా అమ్మ బండ మీంచి ఫోన్ చేసి చెప్పింది. అత్త వసారాలోంచి బయటికి రావడం లేదట. చుట్ట మానేసిందట. గోడవైపు తిరిగి చోళ్లు చెరుగుతూ కూర్చుంటోందట.

"ఏటైనా మాట్లాడుతోందా?" అని అడిగాను.

"ఒక్కటే మాట. గుంటని అడగండి, ఆ ఫోను సంగతి గుంటకి తెల్సు, గుంట వచ్చి సెప్తాది అంతంది. వచ్చినోళ్లకీ ఎల్లినోళ్లకీ అదే సెప్తంది. నీకేటైనా తెల్సేటే?"

గుంట అంటే నేనే, ఆవిడ నన్నలాగే పిలుస్తుంది. నేను ఫోన్ పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే జీపెక్కాను.

వెళ్లగానే ఊరి పెద్దాయన దగ్గరికి పోయి, అందర్నీ బండ దగ్గరికి పిలవమన్నాను. అత్త రానంది. "నానెందుకు, నన్నొగ్గీయే" అని గోడకి అతుక్కుపోయింది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు. చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చాను. వదిన అప్పటికి ఆసుపత్రి నుంచి వచ్చేసింది. కాలిలో రాడ్డు వేసి, ఇక ఎప్పటిలా నడవడం, మోయడం కుదరదని చెప్పి పంపించేశారు. తనూ వస్తానని పట్టుబట్టిందట, అన్నయ్య వీపు మీద మోసుకొచ్చి బండ మీద కూర్చోబెట్టాడు.

ముందు ల్యాప్‌టాప్ తీసి, సారు ఉత్తరం ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ ఒక మెయిల్ పంపాను. జరిగింది జరిగినట్టు, నా పేరుతో సహా. సారుకీ పంపాను. తర్వాత ఎవరితోనూ ఏమీ చెప్పకుండా సంత రేవు యాక్షన్‌ని, ఆ రోజు ఎలా ఉందో మళ్లీ అలాగే మార్చి, నడిపించాను. సంచిలో ఫోను మోగింది. పెద్దాయన్ని ఎత్తమన్నాను, స్పీకరు పెట్టమన్నాను.

ఇంగ్లీషు గొంతు గలగలా చదివేసింది. మళ్లీ చదివింది. ఊరంతా నోరు తెరుచుకుని వింటోంది. పెద్దాయన ఫోనుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేటి భాష? గెడ్డ అని ఎక్కడున్నాదిందులో?"

"ఇదే!" అని అత్త ఒక్క ఉదుటున లేచింది. "ఆ దినం వచ్చినది ఇదే! మొత్తుకుని సెప్పినాను. ఒక్కలైనా ఇన్నారా? అబద్దాలకోరుదాన్ని సేసీసినారు నన్ను!"

మా అన్నయ్య నావైపు తిరిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఈ ముక్కలు ఎవుడెట్టినాడు? ఆ సారేనా? నంబరియ్యి ఆడిది. బేగి ఇయ్యి."

అవునంటే అయిపోయేది. సగం నిజమే కూడా. ఊరంతా సారుని తిట్టిపోసేది, నేనూ వాళ్లతో కలిసి తిట్టేదాన్ని, నాకదెంతో హాయిగా ఉండేది.

"మార్చమన్నది సారు. మార్చింది నేను" అన్నాను. "సరిగ్గా పడలేదని ఎర్రగా చూపించింది. నేను చూడకుండా మూసేశాను. ఇంగ్లీషు వస్తే కట్ చేసెయ్యమని అత్తకి నేర్పింది కూడా నేనే. అత్త తప్పు ఒక్కటీ లేదు. నేను చెప్పిందే చేసింది."

అన్నయ్య నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. బండ అవతలి అంచుకి వెళ్లి వీపు తిప్పి నిలబడ్డాడు. పెద్దాయన ఫోను సంచి తీసి అత్త భుజానికి తగిలించాడు. "నీ వంతు నీదే" అన్నాడు. క్షమించమని అనడం ఆయనకి చేతకాదు. పొగాకు కాడ ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

అత్త దాన్ని కొంగున ముడేసుకుంది. నా దగ్గరికొచ్చి, "ఒలే గుంటా, ఆ అత్తా అన్న మాట మళ్లీ ఎట్టు. ఆ మాటొస్తేనే ఇంటాను, నేకపోతే ఇకనూ కట్ సేసెత్తాను" అంది.

అక్కడే కూర్చుని రాశాను. పాలసీ ఏమైతే అదయిందని లేబుల్‌లోనే రాశాను. పచ్చగా వచ్చేదాకా ఆగాను. ఫోన్ చేయించి, "ఏం వినిపించింది అత్తా?" అని అడిగాను. అత్త నిటారుగా నిలబడి, బడిపిల్లలా అప్పజెప్పింది. వింటున్నవాళ్లు కొందరు నవ్వారు. నాకూ కాస్త ఊపిరాడింది. అయిపోయిందనుకుని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటున్నాను.

అప్పుడు వదిన పిలిచింది. అంతసేపట్లో తను నోరు విప్పడం అదే మొదలు.

"మార్సినప్పుడల్లా ఇలగే అడిగేదానివి కదా అత్తని. ఆ పూట ఎందుకడగనేదు?"

"కోపమొచ్చింది వదినా."

"ఎవులి మీద?"

"మా సారు మీద."

వదిన కట్టుకట్టిన కాలుని రెండు చేతులతో ఎత్తి, కొంచెం పక్కకి జరిపి పెట్టుకుంది.

"మీ సారు కాలు బాగున్నాదా?" అని అడిగింది.

వెటకారంగా అనలేదు. జవాబు కోసం నా మొహం వంకే చూస్తూ కూర్చుంది.